"బాగుంది గానీ ఆడదు": గాంధీనగర్‌కు ఒక బహిరంగ లేఖ

కృష్ణా, గుంటూరు ఏరియాల పంపిణీదారులకు, థియేటర్ యజమానులకు, లీజుదారులకు, బుకింగ్ చూసుకునే మేనేజర్లకు

అయ్యా,

బెజవాడలో బొమ్మ చూసి బయటికొచ్చిన మనిషిని ఎలా ఉందని అడగండి. "బాగుంది గానీ ఆడదు" అంటాడు. ఇందులో మొదటి ముక్క అతనిది, రెండోది మీది. సినిమా ఆఫీసులున్న గాంధీనగర్ ఊరి మధ్యలో ఉండబట్టి ఇక్కడ టీ కొట్టు దగ్గర కూడా షేర్ (వసూళ్లలో పంపిణీదారు వాటా) లెక్కలే నడుస్తాయి. డబ్బులిచ్చి టికెట్ కొన్నవాడు తన రెండు గంటలు ఎలా గడిచాయో చెప్పకుండా బయ్యర్ అడ్వాన్సు గురించి దిగులుపడే ఊరు బహుశా ఇదొక్కటే.

ఆ మొదటి ముక్క మీ లెక్కలోకి రావడం లేదన్నదే మా గొడవ. అన్ని సినిమాల సంగతీ మాట్లాడటం లేదు, చిన్న సినిమాల సంగతే. పెద్ద హీరో ఉండడు, ఫైట్లు ఉండవు. ప్రేమా ఉంటుంది, నవ్వూ ఉంటుంది, రెండూ అలవాటైన దారిలో మాత్రం రావు. ఏ చొక్కా వేసుకోవాలో తేల్చుకోలేని కుర్రాడు, పెళ్లిచూపులకు వచ్చి తెల్లారేదాకా మాట్లాడుకునే ఇద్దరు, ఇలాంటి కథలు. ఇవి శుక్రవారం వస్తాయి, సోమవారానికి ఉదయం ఆటలోకి జరుగుతాయి, గోడ మీద పోస్టర్‌కి పూసిన మైదా ఆరకముందే ఎత్తేస్తారు. నాలుగు వారాలకు ఫోనులోకి వచ్చాక "అరె, బాగుందే, ఇది మన ఊళ్లో పడిందా?" అని జనం ఆశ్చర్యపోతారు. పడింది. పదకొండు గంటలకు పడింది.

ఆ పదకొండు గంటల సంగతే ముందు చూద్దాం. 2022 మార్చి 7 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జీవో 13 రోజుకు అయిదు ఆటలకు వీలిస్తూ, 20 కోట్ల లోపు బడ్జెట్ సినిమాకి ఉదయం 11 నుంచి రాత్రి 9 లోపల ఒక ఆట ఇవ్వాలంది. మంచి ఉద్దేశమే. కానీ పదకొండు గంటల ఆట కూడా ఆ రెండు గీతల మధ్యే పడుతుంది. దాంతో కాగితం మీద నియమం పాటించినట్టే ఉంటుంది, హాల్లో మాత్రం ఇరవై మంది ఉంటారు. ఈ సినిమా చూసేవాళ్లు ఆ వేళకు ఆఫీసుల్లో, కాలేజీల్లో ఉంటారు. మూడో రోజు కలెక్షన్ రిపోర్టు చూసి "జనం రావట్లేదు" అని మీరే తేల్చేస్తారు.

రెండోది వారాంతం లెక్క. శుక్ర, శని, ఆదివారాల కలెక్షన్ చూసి సోమవారం తీర్పు చెప్పడం పెద్ద సినిమాకి సరిపోతుంది, అభిమానులు ఆ మూడు రోజుల్లోనే వస్తారు కనుక. మన ఏరియాలో ఈ రకం సినిమాకి ఆ లెక్క తలకిందులు. సచివాలయంలో వారానికి అయిదు రోజుల పని. చాలామంది ఉద్యోగులు శుక్రవారం సాయంత్రం హైదరాబాద్ బండెక్కి సోమవారం పొద్దున దిగుతారు. వడ్డేశ్వరం, నీరుకొండ వైపు యూనివర్సిటీ పిల్లల్లో వీలున్నవాళ్లు శని, ఆదివారాలు సొంతూళ్లకు వెళ్తారు. అంటే ఈ సినిమా చూడగల మనుషులు ఊళ్లో లేని మూడు రోజులు చూసి, వాళ్లు దిగే రోజున బొమ్మ ఎత్తేస్తున్నారన్న మాట. ఆదివారం ఫోన్లలో నాలుగు మంచి మాటలు చదివి సోమవారం సాయంత్రం టికెట్ కోసం వెతికితే యాప్‌లో ఆటే కనిపించదు.

అందుకని అడిగేది ఒక్కటే ఆట. ఊరికి ఒక్క హాలు (విజయవాడలో అయితే రెండు), పది రోజులు, వేళ మారకుండా. వేళ సాయంత్రం 6 అయితే మంచిది. ఈ సినిమాలు సాధారణంగా రెండుంపావు గంటలకు మించవు, ఇంటర్వెల్ కలుపుకుని ఎనిమిదిన్నరకు వదులుతాయి. లేడీస్ హాస్టళ్ల గేట్లు చాలాచోట్ల తొమ్మిదికల్లా వేసేస్తారు. మామూలు ఫస్ట్ షో ఆరున్నర, ఏడు మధ్య మొదలై తొమ్మిది దాటాక వదులుతుంది. ఆ అరగంట తేడాకే ఒక పూర్తి వరుస సీట్లు ఖాళీగా ఉండిపోతాయి. సెకండ్ షో మాకు అక్కర్లేదు, పెద్ద సినిమాకే ఉంచుకోండి.

హాలు చిన్నదై ఉండాలి. ఆరువందల సీట్ల హాల్లో అరవై మంది కూర్చుంటే పది శాతం. ఒకరి నవ్వు ఇంకొకరికి చేరదు, తలో మూలా కూర్చుంటారు, మొదటి జోకు గాల్లో కలిసిపోతే రెండో జోకుకి ఎవరూ నోరు విప్పరు. అదే అరవై మందిని నూట ఇరవై సీట్ల స్క్రీన్‌లో కూర్చోబెడితే సగం హాలు నిండినట్టు. సినిమా అదే, మనుషులు వాళ్లే, బయటికొచ్చి చెప్పే మాట మాత్రం మారిపోతుంది. యాక్షన్ సినిమాని ఖాళీ హాల్లో చూసినా శబ్దం లాక్కెళ్తుంది. హాస్యానికి పక్క సీటు కావాలి.

దీనికి మీ వైపు నుంచి వచ్చే అడ్డంకి మాకు తెలుసు: "మధ్యలో స్క్రీన్ మార్చాలంటే కీ కావాలి." నిజమే. సినిమా డిజిటల్ కాపీని (డీసీపీ) తెరిచే తాళంచెవి ఫైలు (కేడీఎం) ఆ స్క్రీన్‌లో ఉన్న సర్వర్ సర్టిఫికెట్‌కే కట్టి ఉంటుంది. స్క్రీన్ 2 కోసం వచ్చిన కీ స్క్రీన్ 5లో పనిచేయదు, గడువు దాటితే స్క్రీన్ 2లోనూ పనిచేయదు. సోమవారం చిన్న స్క్రీన్‌కి జరుపుదామనుకుంటే కొత్త కీ అడగాలి, అది మెయిల్లో వచ్చేసరికి సాయంత్రం ఆట పోతుంది, "సాంకేతిక కారణాల వల్ల" అని బోర్డు పెడతారు. మందు సులభం. విడుదలకు ముందే ఒకే కాంప్లెక్స్‌లో రెండు స్క్రీన్లకు, 14 రోజుల గడువుతో కీలు తెప్పించుకోండి. డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు నుంచి డిజిటల్ కంపెనీకి వెళ్లే ఇండెంట్‌లో ఒక లైను ఎక్కువ రాస్తే సరిపోతుంది.

ఈ కీ సంగతి పక్కనే వీపీఎఫ్ ఉంది, అంటే డిజిటల్ ప్రదర్శనకు నిర్మాత వైపు నుంచి డిజిటల్ కంపెనీకి కట్టే రుసుము. 2018 మార్చిలో దక్షిణాదిన థియేటర్లు మూతపడినప్పుడు నిర్మాతలకూ డిజిటల్ కంపెనీలకూ జరిగిన గొడవంతా దీని మీదే. ఆ భారం స్క్రీన్ల లెక్కన పడేది. కాబట్టి చిన్న నిర్మాత మొదటి వారం రెండు ఏరియాల్లో దొరికిన ప్రతి ఊళ్లో ఒక ఉదయం ఆట తీసుకుంటే డిజిటల్ ఖర్చు ఊరూరా పెరుగుతుంది, టికెట్లు ఎక్కడా తెగవు. విజయవాడలో రెండు, గుంటూరులో ఒకటి, తెనాలిలో ఒకటి, అవసరమైతే మచిలీపట్నంలో ఒకటి. అంతే. ఆ ఖర్చుతోనే రెండో వారం కూడా ఆడించవచ్చు. విడుదల పోస్టర్ మీద థియేటర్ల జాబితా పొట్టిగా ఉంటే నిర్మాతకు నామోషీ అనిపిస్తుంది. ఆ నామోషీ ఖరీదు ఎంతో అతని చేత ఒకసారి లెక్క వేయించండి.

టికెట్ ధర మీద మరీ ముఖ్యమైన మాట. కార్పొరేషన్ పరిధిలో మల్టీప్లెక్స్ మామూలు సీటు 150, పన్ను 18 శాతం కలిపి 177. నలుగురికి 708. యాప్‌లో తీసుకుంటే సర్వీసు చార్జీ వేరు. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయలు, ఆ లోపు టికెట్ మీద జీఎస్టీ 5 శాతమే. 101 పెట్టారంటే మళ్లీ 18. కాబట్టి ఈ సినిమాకి 120, 130 అని మధ్యలో తగ్గించడం దండగ. నేరుగా వందకి దించండి. ప్రేక్షకుడు కట్టేది 105 అవుతుంది. అతనికి మిగిలేది 72 రూపాయలు, మీ చేతిలోంచి పోయేది 50. మిగతా 22 పన్నులో తగ్గింది. 150 ధరకు అరవై మంది వస్తే పన్ను పోను 9,000. వంద ధరకు తొంభై మంది వస్తే అదే 9,000. పైగా ముప్పై మంది ఎక్కువ పాప్‌కార్న్ కౌంటర్ ముందు నిలబడతారు. 2025 నవంబరులో తెలుగులోనే ఒక చిన్న ప్రేమకథ సింగిల్ స్క్రీన్లలో 99, మల్టీప్లెక్సుల్లో 105 అని ప్రకటించి మరీ వచ్చింది. అదేమీ దానం కాదు, పన్ను మెట్టు ఎక్కడుందో చూసి వేసిన ధర.

ఇక శబ్దం. మాకు వినిపించే ఫిర్యాదుల్లో "స్లోగా ఉంది" అన్నదాన్ని మీరు దర్శకుడి ఖాతాలో వేస్తారు. సగం మీ ప్రొజెక్షన్ క్యాబిన్ ఖాతాలో వేయాలి. ఇది ఎలా జరుగుతుందంటే: సినిమా మిక్సింగ్ చేసేటప్పుడు సౌండ్ ప్రాసెసర్ మీద శబ్దం పెంచి తగ్గించే ఫేడర్ 7 మీద ఉంటుంది. ముందాటలో మాస్ సినిమా చెవులు పగలగొడుతుంటే ఎవరో అరిస్తే ఆపరేటర్ 5కి దించుతాడు. తర్వాతి ఆట మన చిన్న సినిమా. ఫేడర్‌ని ఎవరూ వెనక్కి తేరు. ఒక్కో అంకెకీ మూడు డెసిబెల్స్ పైచిలుకు తేడా ఉంటుంది, అంటే రెండంకెలకు ఆరున్నర పైనే. పెద్ద సినిమాలో డైలాగు అరుపు కాబట్టి అయిదులోనూ వినపడుతుంది. ఇక్కడ హీరోయిన్ తల వంచుకుని గొణిగిన మాటలోనే జోకు ఉంటుంది. అది పోతే సీనంతా ఇద్దరు ఊరికే కూర్చున్నట్టు కనిపిస్తుంది, ల్యాగ్ అంటారు. ప్రతి సినిమాకీ ఫేడర్ అంకె రాసిన చీటీ క్యాబిన్ గోడకు అంటించండి. మొదటి ఆటకు ముందు మాటలు మాత్రమే ఉన్న ఒక సీను వేసి, ఏసీ నడుస్తుండగా వెనక వరుసలో నిలబడి వినండి. మాట మూటగట్టినట్టు వినిపిస్తే తెర వెనక సెంటర్ స్పీకర్ చూడాలి. సంభాషణంతా దాదాపుగా దాని మీదే నడుస్తుంది, పాత హాళ్లలో ముందుగా అలసిపోయేదీ అదే.

వెలుతురు గురించి ఎక్కువ చెప్పం. తెర మధ్యలో 14 ఫుట్‌లాంబర్ట్‌ల (తెర వెలుగుకి కొలత) వెలుతురు ఉండాలన్నది ప్రమాణం. వాడాల్సిన గంటలు దాటిపోయిన ప్రొజెక్టర్ జెనాన్ లాంపుతో రాత్రి సీన్లు వేస్తే ముఖాల్లో నవ్వు కూడా కనపడదు.

ఇప్పుడు అసలు విషయం, ప్రేక్షకుల అభిప్రాయం చదవడం. మీరు చూసేవి రెండు: వెబ్‌సైట్ రేటింగు, హాలు ముందు మైకు. తెలుగు రేటింగుల్లో 2.75 అనే మెట్టు ఒకటుంది, ఎవరికీ కోపం రాకుండా కట్టిన మెట్టు. ఈ రకం సినిమాలు తరచుగా అక్కడే కూర్చుంటాయి, దాని మీద నిర్ణయం తీసుకోవడం జాతకం చూసి బ్రిడ్జి కట్టడం లాంటిది. హాలు ముందు మైకు పెద్ద సినిమా మొదటి ఆటకు వస్తుంది, అరవగలిగినవాళ్ల దగ్గరే ఆగుతుంది. ఈ సినిమా చూసినవాడు అరవడు. పార్కింగ్‌లో బండి తీసుకుంటూ పక్కనున్న మనిషితో ఒక డైలాగు మళ్లీ చెప్పి నవ్వుతాడు. దాన్ని రికార్డు చేసే మైకు లేదు.

మన రెండు ఏరియాల మాట తీరు కూడా తెలిసి ఉండాలి. ఇక్కడ "పర్లేదు" అని టక్కున తేల్చేస్తే బాగాలేదని. "పర్లేదూ..." అని సాగదీసి కనుబొమ్మలు ఎగరేస్తే బాగుందని, ఇంకో మనిషిని పంపిస్తాడని. "చూడొచ్చు" మెచ్చుకోలే. "ఇంట్లోవాళ్లతో వెళ్లొచ్చు" అంటే ఒక్క మాటకు నాలుగు టికెట్లు. "ఓటీటీలో చూసుకోవచ్చు" అన్నది చాలాసార్లు సినిమా మీద అభిప్రాయం కాదు, 708 రూపాయల మీద అభిప్రాయం. "హీరోలా లేడు" అన్నవాడిని లెక్కలోంచి తీసేయండి, అతను వేరే సినిమాకి టికెట్ దొరక్క వచ్చాడు. "చివర్లో చప్పగా ఉంది" అంటే మాత్రం నమ్మండి. ఈ సినిమాలకు అసలైన జబ్బు అక్కడే ఉంది: గంటన్నర సేపు ధైర్యంగా నడిపి, చివరి అరగంటలో దర్శకుడు భయపడి ఒక యాక్సిడెంటో, ఎయిర్‌పోర్టు పరుగో తెచ్చి పెడతాడు. ఆ ఫిర్యాదు నలుగురి నోట వస్తే నిర్మాతకు చెప్పండి. విడుదలయ్యాక కత్తిరించాలంటే కొత్త వెర్షను, దానికి మళ్లీ కొత్త కీలు, కాబట్టి శనివారమే చెప్పాలి.

మీరే సొంతంగా కొలవాలంటే రెండు కొలతలు చాలు. ఒకటి, ఇంటర్వెల్ తర్వాత తిరిగిరాని సీట్లు. డోర్‌మన్ వేళ్ల మీద లెక్కపెట్టగలడు. అరవైలో ముగ్గురు, నలుగురైతే సినిమాలో తప్పులేదు. రెండు, శుక్రవారం సాయంత్రం ఆటకూ సోమవారం సాయంత్రం ఆటకూ తెగిన టికెట్ల నిష్పత్తి. ఒకే వేళ, ఒకే ధర, ఒకే హాలు అయితేనే ఈ పోలికకు అర్థం. సోమవారం సగానికి పైన నిలబడితే పది రోజులూ ఉంచండి. సగం కన్నా తక్కువైతే ఎత్తేయండి, మేమేమీ అనుకోం. కలెక్షన్ రిపోర్టులో మొత్తం రోజు గ్రాస్ చూస్తే ఇది కనపడదు, ఆట ఆటకూ విడదీసి చూడాలి.

పేర్లు లేకుండా మాట్లాడితే ఊహాగానం అంటారు కాబట్టి ఒకటి చెబుతాం. 2018 ఆగస్టు 3న "చి.ల.సౌ", "గూఢచారి" ఒకే రోజు వచ్చాయి. గూఢచారి మంచి సినిమా, దానికి ఆటలు దక్కడం న్యాయమే. కానీ పెళ్లిచూపుల రాత్రి గురించి, తల్లి మానసిక అనారోగ్యాన్ని ఒంటరిగా మోస్తున్న అమ్మాయి గురించి, ఆ బరువు మధ్యలోనే నవ్వించిన "చి.ల.సౌ"కి మరుసటి ఏడాది ఉత్తమ మౌలిక స్క్రీన్‌ప్లేకి జాతీయ అవార్డు వచ్చింది. అప్పుడు అందరూ వెతుక్కున్నారు, ఫోన్లలో. ఇంకో రకం కూడా ఉంది. 2010లో దెబ్బతిన్న "ఆరెంజ్" 2023 మార్చిలో మళ్లీ వేస్తే హాళ్లు నిండాయి. 2009 నాటి "ఓయ్" 2024 ఫిబ్రవరి 14న మళ్లీ వచ్చి కేరింతలు కొట్టించింది. మొదటిసారి మీ దగ్గర లెక్కకు రాని అభిప్రాయం ఇన్నేళ్లు పాటల్లో దాక్కుని ఉంది. హారిస్ జయరాజ్, యువన్ శంకర్ రాజా పాటలూ, పెద్ద పేర్లూ వాటిని కాపాడాయి. పాటలు లేని చిన్న సినిమాకి ఆ అదృష్టం ఉండదు, దాని పది రోజులే దాని ఆయుష్షు.

రీరిలీజుల మాట వచ్చింది గనుక గుంటూరు వాళ్ల తరఫున ఒక విన్నపం. "మిడిల్ క్లాస్ మెలోడీస్" 2020 నవంబరు 20న నేరుగా ఓటీటీలో వచ్చింది. కొలకలూరు కుర్రాడు గుంటూరులో హోటలు పెట్టి బొంబాయి చట్నీతో గెలవాలనుకునే కథ, మధ్యలో చెప్పలేని ప్రేమ, పక్కనే జాతకాల పిచ్చి పట్టిన స్నేహితుడి ప్రేమ. గుంటూరు సందులు, యాస అంత సరిగ్గా పట్టిన సినిమాని గుంటూరు జనం ఒకచోట కూర్చుని చూడాల్సింది, విడుదల నాడు ఎవరింట్లో వాళ్లు చూశారు. దీన్ని హాల్లో వేయాలంటే చేయాల్సినవి: హక్కులున్న సంస్థతో థియేటర్ ప్రదర్శనకు ఒప్పందం, సెన్సార్ సర్టిఫికెట్ ఉందో లేదో చూసి లేకపోతే తీసుకోవడం (ఓటీటీకి అది అక్కర్లేదు, హాలుకి తప్పదు), మాస్టర్ నుంచి డీసీపీ, ఇంటి స్పీకర్లకు చేసిన మిక్సింగే ఉంటే దాన్ని హాలుకి సరిచూసుకోవడం. ఒక్క హాలు, ఒక ఆదివారం, వంద రూపాయలు. ఇంటర్వెల్‌లో క్యాంటీన్ వాళ్లు ఇడ్లీ, బొంబాయి చట్నీ పెడితే ఆ రోజు సమోసాల జోలికి ఎవరూ పోరు.

బుకింగ్ తెరవడం కూడా ఒక చిక్కే. పెద్ద సినిమా ఆటలు తేలేదాకా ఆగి గురువారం రాత్రి చిన్నదాన్ని యాప్‌లో పెడతారు. సాయంత్రం ఆటకు ప్లాన్ వేసుకునే ఉద్యోగికి కనీసం మంగళవారం కనపడాలి. పది టికెట్లు తెగకపోతే ఆట రద్దు చేసే పద్ధతి ఉంటే ఆ సంగతి ముందే రాసిపెట్టండి. మంగళగిరి నుంచి బస్సులో వచ్చినవాడికి హాలు దగ్గర చెబితే అతను మళ్లీ చిన్న సినిమాకి రాడు. డబ్బు వెనక్కి వస్తుంది, బస్సు చార్జీ రాదు.

చివరిగా ఏసీ. ఇంటర్వెల్ దాకా వేసి, "పాతిక మందే కదా" అని తర్వాత ఆపేసే అలవాటు రెండు ఊళ్లలోనూ ఉంది. మే నెల ఉక్కలో రెండో సగం చూసినవాడు బయటికొచ్చి "సెకండాఫ్ ల్యాగ్" అనే చెబుతాడు. మీ రిపోర్టులో అది సినిమా తప్పుగానే పడుతుంది.

ఇట్లు,
సాయంత్రం ఆటల ప్రేక్షకులు,
విజయవాడ, గుంటూరు